ఎరలో ఉప్పు

ఉప్పు కూరకే కాదు, గాలానికీ కావాలి. మెత్తని ప్లాస్టిక్ ఎరలు ఇంట్లో పోసుకునేవాళ్ళు అందులో ఉప్పుపొడి కలుపుతారు. రుచికని కొందరంటారు. నేను మాత్రం బరువుకనే అంటాను. ఉప్పు సాంద్రత 2.16, అంటే నీటికి రెండింతల పైమాటే. ఎర దానంతటదే మునుగుతుంది. విత్తనం వడ్లు ఉప్పునీళ్ళలో పోసి తాలు తేల్చే మా నాయనకి ఈ లెక్క చెప్పనక్కర్లేదు.

మా తమ్ముడికి గాలం పిచ్చి. "కల్లుప్పు చవక, అదే వేద్దాం అన్నయ్యా" అన్నాడు. ఆగరా అన్నాను. దిష్టి తీసి పొయ్యిలో వేసిన ఉప్పు చిటపటలాడుతుంది గదా! అది దిష్టి కాదు. కల్లులో చిక్కుకున్న నీరు ఆవిరై పగలగొట్టుకు రావడం. కరిగిన ప్లాస్టిక్ దాదాపు 170 డిగ్రీల వేడిలో ఉంటుంది. నీరు 100 దగ్గరే మరుగుతుంది. తడి ఉప్పు పడిందా, ఆ వేడి ద్రవం మొహాన చిందుతుంది. చేపలెన్నయినా వస్తాయి, వాడి కళ్ళు మళ్ళీ వస్తాయా?

కనుక ముందు రోట్లో మెత్తగా దంచాలి, లోపలి తడికి దారి దొరుకుతుంది. తర్వాత మూకుట్లో వేయించాలి. చల్లారాక పల్చని గుడ్డలో జల్లించి, మూత బిగిసే సీసాలో పోయాలి. గరుకు పలుకులుంటే అచ్చు అడుగుకు దిగిపోతాయి. ఉప్పు మరీ ఎక్కువైతే ఎర తొందరగా తెగుతుంది. కొర్రమీనుకు వేసే కప్ప ఎర నీటిపైన తేలాలి, దానికి ఉప్పే వద్దు.

ఉప్పు పొడి ఇసుకలా జారేదాకా మా తమ్ముడు ప్లాస్టిక్ కరిగించడు. అదీ ఆరుబయటే. ఇది మా ఇంటి రూలు.