జిరాక్స్ కాపీ ఎక్కడికి వెళ్తుంది?

మా ఇంట్లో ఆధార్ జిరాక్స్ కాపీలకి విడిగా ఒక కవరే ఉంటుంది. అడ్మిషన్‌కి ఒకటి, డ్యాన్స్ క్లాసుకి ఒకటి, సిమ్ కార్డుకి ఒకటి. ఇచ్చిన కాపీ తర్వాత ఏమవుతుందని అడిగే అలవాటు మనలో చాలామందికి లేదు.

గత వేసవిలో మా పిన్నికి వాట్సాప్ కాల్ వచ్చింది. డీపీలో ఖాకీ యూనిఫాం. వాళ్లబ్బాయి పేరు, కాలేజీ, బ్రాంచి సరిగ్గా చెప్పి, "డ్రగ్స్ కేసులో దొరికాడు. మీడియాకి తెలియకముందే యాభై వేలు పంపండి" అన్నాడు. వెనకాల ఎవరో కుర్రాడు "అమ్మా" అని ఏడుస్తున్నాడు. పక్కనే ఉన్న నేను నా ఫోన్‌లో తమ్ముడికి చేశాను. హాస్టల్ మెస్‌లో టిఫిన్ తింటున్నాడు! డబ్బు పోలేదు. కానీ పిన్ని అన్న మాట మర్చిపోలేను: "అన్ని వివరాలూ కరెక్టుగా చెప్పేసరికి, ఒక్క క్షణం వీడు నిజంగానే చేసుంటాడేమో అనుకున్నానే."

మోసగాడికి కావలసింది ఆ ఒక్క క్షణమే. పేరు ఒకచోట, ఫోన్ నంబరు ఇంకోచోట, చదువు వివరాలు మరోచోట దొరుకుతాయి. విడివిడిగా చూస్తే ఏముందిలే అనిపిస్తాయి. కలిపితే అబద్ధానికి నిజం ముఖం వస్తుంది.

బెదిరింపులతోనే ఆగదు. మన పత్రాలతో మన పేరున సిమ్ తీసుకుంటారు, లోన్ యాప్‌లో అప్పు చేస్తారు. ఆ సిమ్‌తో ఇంకెవరినైనా మోసం చేస్తే పోలీసులు ముందు వెతికేది మననే. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ డీలరు, ఆన్‌లైన్‌లో ఉన్న భూమి రిజిస్ట్రేషన్ పత్రాల్లోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆధార్‌తో డబ్బు తీసే విధానంలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరుతో పాటు వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ అక్కర్లేదు. అందుకే నకిలీ వేలిముద్రతో ఖాతా కూడా ఖాళీ చేయగలరు.

మా ఇంట్లో మేం పాటిస్తున్నవి ఇవి:

• చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయే చోట అదే ఇస్తాం. జిరాక్స్ ఇస్తే, దేనికోసమో, ఏ తేదీనో దాని మీదే అడ్డంగా రాస్తాం.
• ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసి ఉంచుతాం. ఇంట్లో పెద్దవాళ్లకి కూడా.
• సంచార్ సాథీ పోర్టల్‌లో మన పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూస్తాం. మనది కానిది ఉంటే అక్కడే రిపోర్ట్ చేయొచ్చు.
• ఏడాదికోసారి ఉచితంగా వచ్చే క్రెడిట్ రిపోర్టులో తెలియని అప్పు ఉందేమో చూసుకుంటాం.
• డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలని అందరికీ చెప్పి ఉంచాం.

ఇవన్నీ ఒక ఎత్తు, పిల్లలతో మాట్లాడుకోవడం ఒక ఎత్తు. మా నలుగురికే తెలిసిన ఒక రహస్య పదం పెట్టుకున్నాం. ఎవరు ఫోన్ చేసి ఏం చెప్పినా ముందు ఆ పదం అడుగుతాం. ఇంకో మాట కూడా పిల్లలకి చెప్పాం: "నిజంగా తప్పు జరిగినా సరే, మొదట మాకే చెప్పండి. తిట్టడం తర్వాత సంగతి." ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లోనూ ఒక పదం అనుకోండి. ఐదు నిమిషాల పని.