అడుగున పొంగే కొండ

పోయిన వేసవిలో ఆరెగాన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. ఓ ఆదివారం కేప్ పర్పెచువా చూపించడానికి తీసుకెళ్ళాడు. ఉద్యోగం మారే విషయంలో మాటామాటా పెరిగి, అప్పటికి రెండు నెలలుగా తండ్రీకొడుకులకి మాటల్లేవు. కారులో “నాన్నని అడుగు”, “వాడితో చెప్పు” అంటూ ఇద్దరికీ మధ్యన నేనే.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన నల్లరాతి కొండ అది. మూడున్నర కోట్ల ఏళ్ళకి ముందెప్పుడో పారిన లావా గడ్డకట్టి ఆ రాయయిందట.

“చల్లారిపోయిందిగా, ఇంకేం భయం?” అన్నాను.

“ఇది చల్లారిందమ్మా. తీరానికి దాదాపు 480 కిలోమీటర్ల దూరంలో, నీళ్ళ కింద యాక్సియల్ సీమౌంట్ అని ఇంకోటుంది. 1998, 2011, 2015లో పేలింది.”

లోపల కరిగిన రాయి చేరేకొద్దీ అక్కడ సముద్రపు నేల మెల్లగా పొంగుతుందట, పేలాక కుంగుతుందట. 2015లో రెండు మీటర్లకి పైగా దిగిందట! కిలోమీటరుకి మించిన లోతు కదా, పైన పడవలో వెళ్ళేవాళ్ళకి ఏమీ తెలియదు. అందుకే అడుగున పరికరాలు పెట్టి, ఒడ్డు దాకా కేబుల్ వేసి కనిపెట్టుకుని ఉంటారట.

నాకు రాత్రి రుబ్బిపెట్టిన ఇడ్లీపిండి గుర్తొచ్చింది. మూత తీస్తేగానీ ఎంత పొంగిందో తెలీదు.

అంతసేపూ అటు తిరిగి నిలబడ్డ మావారు ఉన్నట్టుండి, “అంత లోతులో వాటికి కరెంటెలా ఇస్తార్రా?” అన్నారు.

వాడు ఒక్క క్షణం ఆగాడు.

“ఒడ్డు నుంచే, నాన్నా.”

నేను మాట్లాడకుండా ఫ్లాస్కు మూత తీసి ముగ్గురికీ కాఫీ పోశాను.