బ్రేక్ క్యూ 21 ఔన్సులా, 19 ఔన్సులా?



మన భవనం పై అంతస్తులో ఉన్న పూల్ టేబుల్ కోసం ఒక బ్రేక్ క్యూ కొనాలని పోయిన మీటింగులో అనుకున్నాం. డబ్బు కూడా మంజూరైంది. ఇక తేలాల్సింది ఎంత బరువున్నది కొనాలన్నదే. దుకాణంలో 21 ఔన్సుల కర్ర చూపించి, బరువెక్కువైతే దెబ్బ కూడా ఎక్కువే అన్నారు. మనలో చాలామంది అదే సరే అన్నారు. డబ్బు కట్టేముందు ఒకసారి చూద్దామని ఆటల విభాగం తరఫున మేము రెండు వారాల గడువు అడిగాం. ఆ రెండు వారాల్లో తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగైంది, ఓపికగా చదవండి.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎయిట్ బాల్ ఆటలో 15 బంతుల్ని త్రికోణంలా పేర్చి, తెల్ల బంతితో గట్టిగా కొట్టి చెదరగొట్టడంతో ఆట మొదలవుతుంది. దాన్నే బ్రేక్ అంటారు. ఆ దెబ్బకి ఒక్క బంతైనా గుంతలో పడాలి. పడకపోతే కనీసం నాలుగు బంతులు అంచు కుషన్లని తాకాలి. అది కూడా జరగకపోతే ఆ బ్రేక్ చెల్లదు. బంతులు ఉన్నవి ఉన్నట్టుగా ఆడాలో, మళ్ళీ పేర్పించి బ్రేక్ తానే కొట్టాలో, మళ్ళీ మనచేతే కొట్టించాలో ఎదుటివాళ్ళ ఇష్టం. తెల్ల బంతి టేబుల్ దాటి కింద పడితే ఫౌల్.

బ్రేక్‌కి వేరే కర్ర ఎందుకని ఖజాంచి గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మామూలుగా ఆడే క్యూ చివర తోలు టిప్ ఉంటుంది. రోజూ దాంతోనే బ్రేక్ కొడుతుంటే ఆ తోలు అణిగి, అంచులు పుట్టగొడుగులా బయటికి వస్తాయి. ఆ తర్వాత సన్నని దెబ్బలకి అది పనికిరాదు. బ్రేక్ క్యూకి గట్టి టిప్ పెడతారు, చాలావాటికి ఫినాలిక్ టిప్ ఉంటుంది. అందుకే ఒక్క బ్రేక్ క్యూ కొంటే మన మిగతా ఆరు కర్రల టిప్పులూ ఎక్కువకాలం నిలుస్తాయి.

ఇక బరువు సంగతి. అంతర్జాతీయ నియమాల ప్రకారం క్యూ 25 ఔన్సులు దాటకూడదు. మార్కెట్లో దొరికే బ్రేక్ క్యూలు ఎక్కువగా 18 నుంచి 21 ఔన్సుల మధ్య ఉంటాయి. ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు. అంటే 19 ఔన్సులది దాదాపు 540 గ్రాములు, 21 ఔన్సులది 595 గ్రాములు. తేడా అర్ధ పావుకిలో కంటే చాలా తక్కువ. ఇంత చిన్న తేడాకి ఇంత చర్చ ఎందుకంటారేమో. లెక్క చూడండి.

పూల్ బంతి బరువు ఐదున్నర నుంచి ఆరు ఔన్సులు. ఆరే అనుకుందాం. క్యూ బంతిని తాకినప్పుడు బంతికి ఎంత వేగం అందుతుందన్నది క్యూ బరువుని, క్యూ బరువూ బంతి బరువూ కలిపిన మొత్తంతో భాగిస్తే తెలుస్తుంది. 19 ఔన్సులకి అది 25లో 19, అంటే 0.76. 21 ఔన్సులకి 27లో 21, అంటే 0.78 కంటే కొంచెం తక్కువ. మన చెయ్యి రెండు కర్రల్నీ ఒకే వేగంతో ఆడించగలిగితే, రెండు ఔన్సులు పెంచినందుకు బంతికి వచ్చే అదనపు వేగం నూటికి రెండు పాళ్ళ పైచిలుకు, అంతే. బరువు వల్ల చెయ్యి నూటికి మూడు పాళ్ళు నెమ్మదించినా ఆ లాభమంతా పోయినట్టే, పైపెచ్చు నష్టం. అలాగని మరీ తేలిక కర్ర తీసుకున్నా లాభం లేదు. మన చేతికీ బరువుంది కదా, కర్ర తేలికయ్యేకొద్దీ చెయ్యి అంతే వేగం పుంజుకోదు. పైగా తేలిక కర్ర కుదుపుకి పక్కకి జరిగి, బంతి నడిబొడ్డున తగలదు. కాబట్టి ఎవరి చేతికి వాళ్ళకి మధ్యలో ఎక్కడో ఒక సరైన బరువు ఉంటుంది.

కార్ఖానాల్లో పనిచేసిన మనవాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. పవర్‌లూమ్ మీద నాడెని, మనం ధోటా అని కూడా అంటాం, ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి తోసేది పికింగ్ కర్ర. దెబ్బ తక్కువైతే నాడె పడుగు మధ్యలో ఇరుక్కుని పోగులు తెగుతాయి. ఎక్కువైతే అవతలి పెట్టెకి కొట్టుకుని వెనక్కి వస్తుంది, ఒక్కోసారి మగ్గం మీంచే ఎగిరిపోతుంది. జాబర్‌గా చేసి రిటైరైన మామ ఒకరు రోజూ సాయంత్రం మనతో ఆడతారు. షోలాపూర్‌లో నలభై ఏళ్ళు మగ్గాలు సరిచేసిన మనిషి. "నాడె అవతలి పెట్టెలో కూర్చోవాలి బాబూ, పెట్టె పగలకూడదు" అన్నారు. బ్రేక్‌లో తెల్ల బంతి కూడా అంతే. త్రికోణాన్ని చెదరగొట్టి టేబుల్ నడుమ నిలవాలి. ఎగిరి కిటికీ దగ్గర పడితే ఎంత గట్టిగా కొట్టినా లాభమేముంది?

తర్వాత మేము చేసిన పరీక్ష. మన సభ్యుల్లో ఒకరి దగ్గర బరువు మార్చుకునే క్యూ ఉంది. వెనక రబ్బరు మూత తీసి, లోపలి బోల్టు మారిస్తే బరువు మారుతుంది. దాన్ని 18, 19, 21 ఔన్సులకి మార్చుతూ, ఏది ఏదో చెప్పకుండా పదకొండు మందికి ఇచ్చాం. ఒక్కో బరువుతో ఐదు బ్రేకులు. తెల్ల బంతిని ప్రతిసారీ ఒకే చుక్క మీద పెట్టాం. ఫోన్లో చప్పుడు రికార్డు చేశాం. కర్ర బంతిని తాకిన చప్పుడుకీ, బంతి త్రికోణాన్ని తాకిన చప్పుడుకీ మధ్య సమయం ఎంత తక్కువైతే బంతి అంత వేగంగా వెళ్ళినట్టు. ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు, ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు.

21 ఔన్సులతో ఎక్కువ వేగం వచ్చింది ఇద్దరికే. ఇద్దరూ భుజబలం ఉన్నవాళ్ళే. మిగతా తొమ్మిది మందికీ 18 లేదా 19తోనే బంతి వేగంగా వెళ్ళింది. 21 కావాలని మీటింగులో గట్టిగా అన్న తమ్ముడికి కూడా 19తోనే వేగం ఎక్కువ. ఫోను చూసుకుని నవ్వేసి, "ఇంకో ఐదు కొడతానన్నా" అన్నాడు. కొట్టినా మారలేదు. జాబర్ మామ 21తో మూడు కొట్టి, భుజం పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. 18తో ఐదూ కొట్టారు.

మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇంకొకటి ఉంది. రెండేళ్ళ కింద మన ఆడపిల్లలు ఏడుగురు ఆడేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరు వస్తున్నారు. ఎందుకు మానేశారని అడిగితే చదువులు, ట్యూషన్లు అన్నారు. ఒక అమ్మాయి మాత్రం ఉన్నమాట చెప్పింది. ఇప్పుడు బ్రేక్‌కి వాడుతున్న పాత కర్ర బరువుది, దాంతో ఆమె కొడితే నాలుగు బంతులు కుషన్ దాకా వెళ్ళవు. ప్రతిసారీ ఎవరో ఒక అన్న వచ్చి "నేను కొడతాలే" అని కొట్టేవాడు. "నా ఆట నేను మొదలుపెట్టలేనప్పుడు ఎందుకు రావాలి?" అంది. ఆ అమ్మాయినీ పరీక్షకి పిలిచాం. 21తో ఐదింట్లో ఒక్క బ్రేక్ చెల్లింది. 18తో నాలుగు చెల్లాయి. చెయ్యి అదే, టేబుల్ అదే, మారింది మూడు ఔన్సులు.

మన సమాజం చందాలో బీడీలు చుట్టిన తల్లుల డబ్బుంది, మగ్గం నడిపిన తండ్రుల డబ్బుంది. అందరి డబ్బుతో కొనే కర్ర ఇద్దరు బలవంతుల చేతికే సరిపోతే మిగతావాళ్ళకి ఏం చెప్తాం? సొంతానికి కొనుక్కునేవాళ్ళు తమ చేతికి నప్పింది కొనుక్కోవచ్చు, 21 అయినా మాకు అభ్యంతరం లేదు. భవనంలో ఉండే కర్ర ఎక్కువమంది చేతికి నప్పాలి.

కాబట్టి మా సిఫార్సు ఇది. బోల్టుతో బరువు మార్చుకునే వీలున్న బ్రేక్ క్యూ కొందాం. మామూలుగా 19 ఔన్సుల మీద ఉంచుదాం. తేలిక కావాలన్నవాళ్ళకి 18, బరువు కావాలన్నవాళ్ళకి 20, 21 చేసుకునేలా అదనపు బోల్టులు, తాళంచెవి డబ్బాలో పెట్టి క్యారమ్ బోర్డుల బీరువాలో ఉంచుదాం. బోల్టు మార్చినవాళ్ళు ఆట అయ్యాక మళ్ళీ 19కి తెచ్చి పెట్టాలి. దుకాణంలో అడిగాం, ఇలాంటి క్యూ ధర 21 ఔన్సుల దానికంటే కొంచెమే ఎక్కువ. ఆ తేడా మేము విభాగంలో వేసుకుంటాం, సమాజం నుంచి పైసా అదనంగా అడగం.

సొంతానికి కొనాలనుకునే పిల్లలకి ఒక మాట. మీరు రోజూ ఆడే క్యూ బరువు దగ్గరే మొదలుపెట్టండి. ఒక ఔన్సు అటూ ఇటూ చూడండి. మూడు గమనించండి: ముందు బంతికి నిండుగా తగిలిందా, తెల్ల బంతి నడుమ నిలిచిందా, పది బ్రేకుల తర్వాత భుజం ఎలా ఉంది. దుకాణంలో చేతిలో పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు, కొట్టి చూడాలి.

ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి అదే క్యూ, అదే ఫోను టేబుల్ దగ్గర ఉంటాయి. అనుమానమున్న పెద్దలు వచ్చి స్వయంగా కొట్టి చూడండి. ఆట మానేసిన ఐదుగురు అమ్మాయిల ఇళ్ళకి మా అక్కలు వెళ్ళి పిలుస్తున్నారు. మీ ఇంట్లో అమ్మాయి ఉంటే మీరూ పంపండి. ఆ రోజు మొదటి బ్రేక్ వాళ్ళే కొడతారు, పక్కనుంచి ఎవరూ చెయ్యి పెట్టవద్దని అన్నలకి మనవి.