గిన్నెడు కేల్

ఈ మధ్య ఆరోగ్యం పేజీల్లో కేల్ అనే ఆకుకూర పేరు తరచూ కనిపిస్తోంది. చూడటానికి క్యాబేజీ ఆకు అంచులకు ఎవరో కుచ్చులు పెట్టినట్టు ఉంటుంది. నిజానికి రెండూ ఒకే జాతి. క్యాబేజీ ఆకులు ముడుచుకుని గడ్డ కడతాయి, కేల్ ఆకులు విప్పుకునే ఉంటాయి. హన్మకొండలోని మా పెరట్లోకి మాత్రం అది మా వారి గుండె పుణ్యమా అని వచ్చింది.

ఆయన తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం గుండె కవాటాన్ని పాడుచేసింది. 2023లో ఆపరేషన్ చేసి కృత్రిమ కవాటం పెట్టారు. దానిమీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర కథ విచిత్రం. 1920లలో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన ఎండుగడ్డి మేసిన పశువులు నెత్తురు ఆగక చచ్చిపోయాయి. ఆ గడ్డిలో ఏముందో వెతుకుతూ పోయిన శాస్త్రవేత్తలకు చివరికి ఈ మందు దొరికింది. ముందు ఎలుకల మందుగా అమ్మారు, 1954 నుంచి మనుషులకూ ఇస్తున్నారు. ఈ సంగతి చదివినప్పటి నుంచి మా వారు మాత్ర వేసుకునే ముందు వినాయకుడి వాహనానికి ఒక నమస్కారం పెడతారు!

వార్ఫరిన్ పనిచేసేది కె విటమిన్‌కు అడ్డుపడి. ఆ విటమిన్ దండిగా ఉండేది ఆకుకూరల్లో. ఈ రెండు ముక్కలు తెలిసిన బంధువులు, ఆయన ఇంటికొచ్చిన వారంలోనే 'ఇక ఆకు ముట్టొద్దు' అని తీర్మానించారు. పుంటికూరో తోటకూరో లేనిదే కంచం ముందు కూర్చోని మనిషాయన. ఏడాదికి పైగా దొండకాయ, బీరకాయ, మళ్లీ దొండకాయ. పెరట్లో పుంటికూర చెట్లు నిలువెత్తు పెరిగి ఎండిపోయాయి. ఇంతా చేస్తే ఐఎన్ఆర్ పరీక్ష కుదురుగా వచ్చిందా అంటే అదీ లేదు. డాక్టరు ఆయనకు పెట్టిన హద్దు రెండున్నర నుంచి మూడున్నర. ఒకసారి దానికి కింద, ఒకసారి పైన. కిందకు పోతే కవాటం మీద గడ్డ కట్టే భయం, పైకి పోతే రక్తస్రావం. రిపోర్టు తెచ్చిన సాయంత్రాలు మా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకునేవాళ్లం కాదు.

చివరికి డాక్టరుగారే అడిగారు, ఏం తింటున్నారని. చెప్పాక ఆయన తల పట్టుకున్నారు. 'ఆకుకూర మానమని నేను చెప్పానా? తినండి. కాకపోతే ఒక వారం గంపెడు, ఇంకో వారం సున్నా అయితే మాత్ర మోతాదు నేనెలా కుదర్చను? రోజూ ఒకే కొలత తినండి' అన్నారు.

ఒకే కొలత! చెప్పినంత సులువా? పెరటి తోటకూర ఒక వాన పడితే మడంతా ఒక్కసారే లేస్తుంది, పీకితే అయిపోతుంది. మార్కెట్లో కట్ట ఇవాళ పిడికెడు, రేపు చేటెడు. అప్పుడు నాకు కేల్ గుర్తొచ్చింది. కింది ఆకులు తుంచుకుంటూ పోతే మధ్య మొగ్గ చలికాలమంతా కొత్త ఆకు వేస్తూనే ఉంటుంది. డాక్టరును అడిగాకే విత్తనం కొన్నాం. ఈ కూరలో కె విటమిన్ బాగా ఎక్కువ. వార్ఫరిన్ వాడేవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు.

'కేలు అంటే చెయ్యి గదా! చెయ్యి వండి పెడతవా ఏంది?' అన్నారు పండితులవారు.

సద్దుల బతుకమ్మ వెళ్లాక నారు పోశాం. గింజలు అచ్చం ఆవాలే, కుటుంబమూ అదే. వారంలోపు మొలిచాయి. నెల నారు తీసి, మూరెడు ఎడంతో పన్నెండు మొక్కలు నాటాం. మాది ఎర్ర చల్క నేల, నీళ్లు నిలవవు. మాగిన పశువుల ఎరువు కలిపి, మొదళ్లలో ఎండుటాకు పరిచాం. మడి చుట్టూ ఆవాలు చల్లాం. క్యాబేజీ రైతులు చేసే పనే ఇది. పురుగు ముందు ఆవాల మీదికి పోతుంది. అయినా ఆకు అడుగున పేనుబంక పట్టింది, సబ్బునీళ్లతో కడిగాం. ఆకుపచ్చ పురుగులు ఏరడం మా వారి వంతు. పొద్దున్నే కళ్లద్దాలు సవరించుకుని ఒక్కో ఆకూ తిరగేసేవారు. కత్తి, కొడవలి ఆయన చేతికివ్వను. చిన్న గాటు పడ్డా నెత్తురు ఆగడానికి చాలాసేపు పడుతుంది. కేల్‌కు వాటితో పనిలేదు, ఆకు కిందికి వంచితే చేతిలోకి వచ్చేస్తుంది. 'అందుకే కేలు అన్నరు' అని ఆయన కొత్త వ్యుత్పత్తి చెప్పారు.

రోజుకు నాలుగాకులు. ఈనె తీసి, సన్నగా తరిగి, ఒక చిన్న స్టీలు గిన్నెలో కొలిచి, పెసరపప్పుతో వండి వెల్లుల్లి తాళింపు పెడతాను. జొన్నరొట్టెలోకి బాగుంటుంది. పుంటికూర పక్కన పెడితే ఓడిపోతుందనుకోండి, ఆ పులుపు దీనికెక్కడిది? నమిలే ఓపికా ఉండాలి. కానీ ఏడాది తర్వాత కంచంలో ఆకుపచ్చ రంగు చూసిన మనిషి ముఖం నేను చూశాను.

ఈ చలికాలం వరుసగా మూడు పరీక్షలు హద్దులోనే వచ్చాయి. కేల్ మహిమా, కొలత మహిమా అంటే నా ఓటు కొలతకే.

శివరాత్రి వెళ్లింది. వరంగల్ ఎండకు కేల్ నిలవదు, ఆకు బిరుసెక్కి చేదు తిరుగుతోంది. ఆ మడిలోనే తోటకూర చల్లాం, మొలక వచ్చింది. కూర మారినా గిన్నె మారొద్దని, మార్చిన వారానికి మళ్లీ పరీక్ష చేయించమని డాక్టరుగారు చెప్పారు. వచ్చే గురువారం పొద్దున్నే రక్తం ఇచ్చి రావాలి.