ఎవరో పాప ఆడుకున్న బొమ్మకి ఇంత మర్యాదా!

ఇలాంటి నిధి ఒకటి ఉందని ఇన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు! పేరు ‘ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్’. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. విజయవాడలో కూర్చుని ఫోన్లోనే, పైసా ఖర్చు లేకుండా చూసేయొచ్చు. అందులో ఒక పాతకాలపు గుడ్డబొమ్మ నీటిరంగుల చిత్రం దగ్గర ఆగిపోయాను.

గౌను నిండా చిట్టిచిట్టి పూలు. గుడ్డ మడతపడిన చోట పువ్వు సగమే కనబడుతుంది, వెలిసిన చోట అదే పువ్వు పలచబడిపోయింది. బందరు అద్దకాలు చూస్తూ పెరిగిన కళ్లకి పండగే! మెడ దగ్గర వదులైన కుట్టు, బుగ్గ మీద మాసిన మరక, ఏదీ దాచలేదు. వెనకంతా ఖాళీ కాగితం, కింద లేత నీడ. మొదట ఫోటో అనుకున్నాను. పెద్దది చేసి చూస్తే పొర మీద పొరగా వేసిన రంగు!

1935లో, అమెరికాలో పనుల్లేక జనం అల్లాడుతున్న రోజుల్లో, పాతకాలపు వస్తువుల్ని ఉన్నదున్నట్టు చిత్రించే పనిని ప్రభుత్వం చిత్రకారులకి జీతమిచ్చి అప్పజెప్పింది. రంగుల ఫోటోలు అప్పటికి అంత నమ్మకంగా వచ్చేవి కావు, అందుకే కుంచె. 1942 దాకా సాగిన ఈ పనిలో 18,000 పైచిలుకు చిత్రాలు తయారయ్యాయి. ఈజిప్టు తవ్వకాల్లో దొరికిన వస్తువుల్ని చిత్రించే పద్ధతినే వీళ్లకీ నేర్పారట. ఫరోల కాలం నాటి వస్తువు మీద పెట్టే శ్రద్ధంతా ఒక పసిపిల్ల బొమ్మ మీద పెట్టారు! నాకు ఒళ్లు పులకరించింది.

మన విజయవాడకి దగ్గర్లోనే, చెక్కబొమ్మల ఊరు కొండపల్లి ఉంది. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండిలో రంపంపొట్టు కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికించి, సున్నం పూసి, రంగులద్దిన బొమ్మలు ఈ ప్రాంతంలో ఎన్ని ఇళ్ల అటకల మీద ఉన్నాయో! అంబారీ ఏనుగు తొండం దగ్గర పెచ్చు లేచి ఉంటుంది, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మొలగుడ్డ రంగు వెలిసి ఉంటుంది. దయచేసి వాటికి కొత్త రంగు పూయకండి. ఆ పెచ్చులోనే దాని వయసంతా ఉంది.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేటప్పుడు, అన్నిటికన్నా పాత బొమ్మని మీ ఇంట్లో చక్కగా చిత్రాలు వేసే పిల్లల ముందు పెట్టండి. పగులుతో సహా, ఉన్నదున్నట్టు నీటిరంగుల్లో వేయమనండి. బొమ్మ ఎత్తెంతో, ఏ కర్రో, ఎవరి పుట్టింటి నుంచి వచ్చిందో కాగితం వెనక రాయించండి.