కోయించుకోవాలా, వద్దా?

సంక్రాంతికి మా పాలంపేట వెళ్ళినప్పుడు రామప్ప చెరువు దగ్గర చిన్నప్పటి దోస్తులతో వాలీబాల్ ఆడాను. స్మాష్ కొట్టి దిగేసరికి పాదం నేలలో దిగబడిపోయింది, నేను మాత్రం తిరిగాను. 'టప్'మని శబ్దం. నెట్ అవతల ఉన్నవాడికి కూడా వినబడిందట! గంటలో మోకాలు బొప్పాయికాయంత అయ్యింది. ఎమ్మారై తీస్తే ఏసీఎల్ పూర్తిగా తెగిందన్నారు.

హైదరాబాదులో మొదట చూసిన డాక్టరు రెండు నిమిషాల్లో రిపోర్టు తిరగేసి సర్జరీకి డేట్ ఇస్తానన్నాడు. ఇన్సూరెన్స్ ఉందా అని అడిగాడు గానీ, రోజూ ఏం చేస్తావని అడగలేదు. నానమ్మేమో ఫోన్లో "కాలు కోయించుకోకు బిడ్డా" అని ఒకటే ఏడుపు.

కోడ్ ముట్టుకునే ముందు లాగ్ చదివే అలవాటు కదా, చదవడం మొదలెట్టా. 2010లో స్వీడన్ వాళ్ళు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆటలాడే 121 మంది కుర్రవాళ్ళని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి వెంటనే సర్జరీ, తర్వాత వ్యాయామం. రెండో జట్టుకి ముందు వ్యాయామం, మోకాలు నిలబడకపోతేనే సర్జరీ. రెండేళ్ళకి చూస్తే నొప్పిలో, ఆటలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐదేళ్ళకీ అంతే. రెండో జట్టు 59 మందిలో ఐదేళ్ళకల్లా 30 మంది సర్జరీకి వెళ్ళారు. అంటే దాదాపు సగం మందికి కత్తి అవసరమే పడలేదన్నమాట.

నేను గెంతులేసేలోపే ఇంకోటి కనబడింది. 2022లో బ్రిటన్ వాళ్ళు 316 మందితో చేసింది. తెగి చాలాకాలమై, మోకాలు జారుతూనే ఉన్నవాళ్ళకి సర్జరీయే మెరుగని తేలింది. పైగా జారిన ప్రతిసారీ లోపలి మెనిస్కస్ చిరిగే ప్రమాదం ఉంది.

ఆఫీసులో అందరూ గోపీచంద్ పేరే చెప్పారు. నిజమే, 1994లో ఆయన మోకాలు దెబ్బతింది, ఆపరేషన్లు చేయించుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. కానీ ఆయనది కోర్టులో మెలికలు తిరిగే బతుకు, నాది కుర్చీలో కూచునే బతుకు!

అందుకే ముందు మూడు నెలలు ఫిజియో అనుకున్నా. వారం వారం తొడ కండ కొలుచుకుంటున్నా. మెట్లు ఎక్కుతున్నా, బైకు నడుపుతున్నా.

మొన్న ఉగాదికి మళ్ళీ ఊరెళ్ళి రామప్ప గుడికి పోయా. 1213 నాటి గుడి, పునాది కింద ఇసుక పోసి కట్టారు, ఇప్పటికీ నిలబడే ఉంది. పైన మదనికల్ని చూస్తూ గిర్రున తిరిగానో లేదో, మోకాలు లోపల ఒక్కసారి జారింది. స్తంభం పట్టుకుని ఆగా.

ఒక్కసారికే తేల్చుకోవద్దంది ఫిజియో. ఇంకో ఆరు వారాలు చూస్తా. మళ్ళీ జారితే మాత్రం డేట్ తీసుకుంటా, అదీ ఈసారి వేరే డాక్టరు దగ్గర. నానమ్మకి ఇంకా చెప్పలేదు.