బండి కింద నడక

పుష్యమాసం చివర ఇంద్రవెల్లి దారిలో ఎడ్లబండ్లు బారులు తీరుతాయి. కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయే మెస్రం వంశపు గోండులవి. బండ్లలో మూటలు, గిన్నెలు, గడ్డి, గడ్డి మీద పిల్లలు. ఏదో ఒక బండి కింద, ఇరుసు నీడలో, ఒక కుక్క. దాన్ని ఎవరూ పిలిచి ఉండరు. రావద్దని అదిలించీ ఉండరు.

మా కరీంనగర్ వైపు కచ్చురం బండ్లు కట్టుకొని జాతరలకు పోయిన కాలంలోనూ అంతే, ఇల్లు కదిలితే కుక్కా కదిలేది. ఇప్పుడు కార్లలో పోతున్నాం. సీటు కవర్ల మీద మనకు మహా ప్రేమ.

మెస్రం వాళ్లు ముందుగా కాలినడకన హస్తినమడుగుకు పోయి గోదావరి నీళ్లు తెస్తారు. కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద మకాం. ఎన్ని కుటుంబాలు దిగినా వంట మాత్రం 22 పొయ్యిల మీదే, వంతులవారీగా. అమావాస్య రాత్రి మహాపూజ. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్. ఇదంతా అయ్యేదాకా చెట్టు మొదలే ఇల్లు.

బండి కింద నడిచే కుక్క బండిని తానే లాగుతున్నాననుకుంటుందని మనవాళ్ల ఎగతాళి. ఆ మాటన్నవాళ్లు కుక్కను సరిగా చూడలేదేమో. అది నీడ కోసం నడుస్తుంది, ఎద్దుల వాసన పట్టుకొని నడుస్తుంది. తనవాళ్లు ఎక్కడ దిగితే అదే వాకిలి. మనమేమో ఊరు దాటి వచ్చామనుకుంటాం. దాని లెక్కలో, ఊరే లేచి నడుస్తోంది.